హానుస్ బంతి పట్టుకున్న రోజు

రిటైర్ అవుతాననడం హానుస్‌కు ఏటా అక్టోబరులో పట్టుకునే జలుబు లాంటిది. సీజను చివరి విందులో, గాలికి ఆరబెట్టిన గొర్రె మాంసం పళ్ళెం నిండా వడ్డించుకున్నాక లేచి నిలబడి, ఇక తన వల్ల కాదని, మోకాళ్ళు మొర పెడుతున్నాయని ప్రకటించేవాడు. స్కార్‌విక్ అనే ఆ దీవి ఊళ్ళో జనం మర్యాదగా చప్పట్లు కొట్టి కాఫీ పోసుకునేవారు. ఫిబ్రవరిలో పగలు కాస్త సాగగానే అందరికంటే ముందు మైదానంలోకి దిగేది అతనే.

నవ్వుకున్నా, ఊరికి అతనంటే ప్రాణం. మీసాలు రాకముందు నుంచీ ఒకటే ఫుట్‌బాల్ క్లబ్బు, ఒకటే చోటు, గోల్‌కీపరు ముందు రక్షణ వరస మధ్యలో. రాజధాని క్లబ్బులు పిలిచాయి. డెన్మార్క్ నుంచి ఒకాయన పడవెక్కి మరీ వచ్చి చూసి వెళ్ళాడు. హానుస్ కదలలేదు. పగలు సాల్మన్ చేపలకు మేత వేసే పడవ నడపడం, సాయంత్రం ఆట. అంతకు మించి మనిషికి ఏం కావాలో అతనికి నిజంగానే తోచలేదు. ఇలాంటివాళ్ళను తెలివితక్కువవాళ్ళు అనేవాళ్ళుంటారు. అననివ్వండి. ఉన్నచోటే ఉండిపోయే మనిషి ఒక్కడైనా లేకపోతే అది క్లబ్బు కాదు, బస్టాండు.

ఆ ఏడాది చివరి ఆటకు ముందురోజు పొద్దున, అతని భార్య సున్నెవా రొట్టె మీద రూబార్బ్ జామ్ రాస్తూ, హోగ్ని వెళ్ళిపోతున్నాడట అంది. జట్టులో కుర్రాడైన హోగ్ని వాళ్ళమ్మా ఆమే చేపల ఫ్యాక్టరీలో ఒకే బల్ల దగ్గర పనిచేస్తారు. పక్క దీవి క్లబ్బువాళ్ళు కబురు పెట్టారట.

"వాడా? ఇక్కడ వాడికేం తక్కువైంది?" అన్నాడు హానుస్.

"ఆడే చోటు తక్కువైంది. నీదీ వాడిదీ ఒకటే చోటు కదా. ఇన్నేళ్ళుగా బెంచీ మీద కూర్చుని నీ రిటైర్మెంటు ఉపన్యాసాలకి చప్పట్లు కొడుతున్నాడు పాపం."

"నాతో ఒక్క మాటైనా అనలేదే."

"నీ మొహం చూస్తూ ఎలా అంటాడు? వాళ్ళమ్మ దగ్గర ఏడ్చాడట. వెళ్ళాలని లేదు వాడికి, హానుస్. అచ్చం నీలాంటివాడే."

హానుస్ రొట్టె సగంలోనే పక్కన పెట్టేశాడు. ముందు హోగ్ని మీద కోపం వచ్చింది, ఈ కాలం కుర్రాళ్ళకు ఓపిక లేదని. తర్వాత కోచ్ మీద వచ్చింది. పడవలోకి వెళ్ళేసరికి సున్నెవా మీదికి మళ్ళింది. నీళ్ళలోకి మేత చల్లుతూ ఉండగా, తిట్టుకోవడానికి ఇంకెవరూ మిగల్లేదు. క్లబ్బు కోసమే ఉండిపోయానని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. తను ఉండిపోవడం వల్లే, తనలా ఉండిపోగల మరొకడు ఊరు విడిచిపోతున్నాడు. ఈ సంగతి ఊరంతటికీ తెలిసినా ఎవరూ నోరు మెదపలేదు. అంత ప్రేమ కూడా ఒక్కోసారి మంచిది కాదు.

మర్నాడు గాలి విరుచుకుపడింది. ఆ ధాటికి కొండ మీది జలపాతం కిందికి పడకుండా పైకి ఎగిరింది. జనం మైదానం చుట్టూ కార్లు నిలుపుకుని, అద్దాలు ఎక్కించుకుని లోపల్నుంచే చూస్తున్నారు. అవతలి జట్టు పొరుగూరిది. గెలిస్తే వచ్చేది పెద్దగా ఏమీ లేదు గాని, ఓడితే ఏడాది పొడవునా ఎగతాళి భరించాలి. రెండో సగంలో ఒకడి చీలమండ బెణికితే హోగ్నిని దింపారు. స్కోరు సమంగా ఉండగా, ఆట ముగియబోతూ స్కార్‌విక్‌కు పెనాల్టీ దొరికింది.

అలాంటి గాలిలో బంతి పెట్టినచోట నిలవదు. అందుకని తన్నేవాడి జట్టులోనే ఒకడు గడ్డి మీద బోర్లా పడుకుని, బంతిని వేలితో అదిమి పట్టుకుంటాడు. ఇంకొకడు పరిగెత్తుకొచ్చి తంతాడు. ఆ దీవుల్లో ఇది మామూలే. స్కార్‌విక్‌లో తన్నేది ఎప్పుడూ హానుసే. హోగ్ని మైదానంలో ఉంటే పడుకునేది అతనే. అలవాటు కొద్దీ ఆ రోజు కూడా వచ్చి బురదలో పడుకున్నాడు.

"లేరా. నువ్వు కొట్టు," అన్నాడు హానుస్.

హోగ్ని అర్థంకానట్టు చూశాడు. హానుస్ అతని చెయ్యి పట్టి లేపి, తనే బోర్లా పడుకుని వేలు బంతి మీద పెట్టాడు. చుట్టూ కార్లలో అద్దాలు దిగాయి. హానుస్ పెనాల్టీ వదులుకోవడం కంటే పెద్ద ప్రకటన ఆ ఊళ్ళో ఉండదు. విందులో చెప్పినన్నాళ్ళూ నమ్మని జనం సీట్లలో ముందుకు జరిగారు.

హోగ్ని పరిగెత్తుకొచ్చి కొట్టాడు. బంతి గోలు మీదుగా, ఒడ్డు గోడ మీదుగా వెళ్ళి సముద్రంలో పడింది.

ఆట అలాగే ముగిసింది. హానుస్ కొట్టి ఉంటేనా అని ఎవరో గట్టిగానే అన్నారు. ఆ మాట హానుస్ చెవిన పడింది. నిజం చెప్పాలంటే తియ్యగానే ఉంది. ఇంకా నేను లేందే గడవదు అని లోపల ఒకటి తోక ఊపింది. మనసుకు సిగ్గుండదు. హోగ్ని ముఖం చూశాక గాని అది నోరు మూసుకోలేదు.

బట్టలు మార్చుకునే గదిలోకి క్లబ్బు అధ్యక్షురాలు మారియున్ వచ్చింది. అరవై దాటిన మనిషి, ఎవరికీ భయపడదు. అందరికీ వినపడేలా, "చూశావుగా హానుస్. ఫిబ్రవరిలో కలుద్దాం," అంది.

"ఫిబ్రవరిలో నేను రాను, మారియున్. ఆ చోటు హోగ్నిది. వాడు తప్పులు చేస్తాడు. మొదట్లో నేను చేసినన్ని చేశాక అప్పుడు మాట్లాడండి."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బురద బూట్లతోనే కూర్చున్న హోగ్ని తలెత్తాడు.

"నా మీద జాలిపడి మానేస్తున్నావా, కెప్టెన్? ఇప్పుడే గాల్లోకి కొట్టి వచ్చాను."

"జాలి కాదురా. నువ్వు ఇంకో ఊరి జెర్సీ వేసుకుంటే నేను చూడలేను. నా స్వార్థం అది."

"మరి నువ్వేం చేస్తావు? ఆట లేకుండా నువ్వు బతకలేవు. అందరికీ తెలుసు."

ఏటా ఫిబ్రవరిలో అతన్ని మైదానానికి లాక్కొచ్చింది ఆ భయమే. పడవ పనయ్యాక, సాయంత్రాలు ఖాళీ అయ్యాక, తను ఎవరు? దాన్ని పైకి అనగా వినడం ఇదే మొదటిసారి. హానుస్ తన చేతులు చూసుకున్నాడు. బంతిని అదిమి పట్టిన వేలు ఇంకా ఎర్రగా ఉంది.

"మన జట్టు ఆడుతుంటే నేను బయట నిలబడి ఒక్కసారి కూడా చూడలేదురా," అన్నాడు. "ఊరంతా చూసింది. నేనొక్కణ్ణే చూడలేదు."

హోగ్ని బురద చేత్తోనే కళ్ళు తుడుచుకుని, ముఖమంతా పూసుకున్నాడు.

"అయితే చూద్దువుగాని," అన్నాడు. "నేనెక్కడికీ పోను."