గోడవార వేప

మెట్టుగూడలో మా మిషన్ స్కూలు వెనకున్న వేపతోపు ఒక్కరోజులో పుట్టింది. నేను కొత్తగా చేరిన ఏడాది, ఆరో తరగతి పిల్లలకు తలా ఒక మొక్క ఇచ్చి నాటించాను. ఆ నీడలోనే మా రేకుల గది. ఎండాకాలం తరగతులన్నీ అందులోనే. త్వరలో రిటైరవుతాను. తోపును చల్లగా వదిలి వెళ్ళాలన్నది నా ఆశ.

హైటెక్ సిటీ మోజు మా దాకా వచ్చింది. "కంప్యూటర్లు లేకపోతే పిల్లల్ని ఎవరు చేర్పిస్తారు మేబెల్ గారూ?" అన్నాడు హెడ్మాస్టర్ ఏసురత్నం. నా దగ్గర చదివినవాడే. ఇప్పుడు నలుగురిలో 'సార్' అంటాను. వరసగా వానల్లేక బోరు ఎండింది, చెట్లన్నిటికీ తడి చాలదు. లావువి అమ్మేస్తే కంప్యూటర్లొస్తాయి, సన్నవి వాటి చోట్లో పెరుగుతాయి అని అతని ఆలోచన.

"అన్నీ ఒక్కరోజు నాటినవే సార్. సన్నవి నీడన పడి గిడసబారాయి. తియ్యాలంటే వాటినే తియ్యాలి" అన్నాను.

"కాదండీ, అవి రాలిన పండ్లకు మొలిచినవి. అయినా పుల్లలెవరు కొంటారు?"

స్కూలు కమిటీ వాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

చర్చి కోతపండుగలో ఏటా కోళ్ళూ గుమ్మడికాయలూ వేలం వేస్తారు. ఈసారి మా లావు చెట్లను వేలానికి పెట్టారు. రెజిమెంటల్ బజార్ కలప వ్యాపారి పాడుకుని, మొదళ్ళతో సహా పెకలించుకుపోయాడు. ఆ తవ్వకంలో సన్నవాటి వేళ్ళూ తెగాయి.

ఎండలు ముదిరాయి. నీడ పోయిన రేకుల గదిలో కొత్త కంప్యూటర్లు మధ్యాహ్నం కాకముందే వేడెక్కి ఆగిపోయేవి. ఉగాది దాటినా సన్న వేపలు చిగురించలేదు. ఆయా కమలాబాయి గోటితో బెరడు గీరి చూసింది.

"జెర సుత పచ్చి లేదు టీచరమ్మా. గివి సుత పోయినయ్."

ఆదివారం ఆరాధన అయ్యాక చూస్తే, ఏసురత్నం గోడవార చెట్టుకు బకెట్‌తో నీళ్ళు పోస్తున్నాడు.

"చిన్నది కదా టీచర్, తడి తగిలితే లేస్తుంది."

ఇక ఆగలేకపోయాను. "ఒరేయ్ ఏసురత్నం, ఏం చిన్నదిరా? అది నువ్వు నాటిందే. గోడవార చోటు ఇచ్చానని ఆ రోజు ఎంత ఏడ్చావు!"

అతని చెయ్యి ఆగింది. తోపు నడుమ గుంటల వైపు చూశాడు.

"నాది మధ్యలో లావుది కదా టీచర్? నా చెట్టని దాచుకున్నానని ఎవరూ అనకుండా దాన్నే ముందు కొట్టించాను."

"అది తరగతిలో నీ పక్కన కూర్చునే రోసమ్మది."

అతను గోటితో బెరడు గీరాడు. కాస్త కిందికి, ఇంకా కిందికి. ఎక్కడా పచ్చి తగల్లేదు.

"మొదలు దగ్గర చూస్తా టీచర్" అని, ఆరాధనకు వేసుకొచ్చిన చొక్కాతోనే మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

వచ్చిన కోపం పోయి ఏడుపొచ్చింది. మిగిలిన నీళ్ళు నేనే పోశాను.