శివారు వంతు

పొద్దున్నే ఆఫీసుకు రాగానే ఆశాజ్యోతి చెప్పులు విప్పి, కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఢిల్లీలో పొగమంచు ఎంతుందో కనుక్కునేది. ఆ తర్వాత కాలవ చివరనున్న శివారు ఊళ్ల నుంచి వచ్చే ఫోన్లకి ఆ సంగతి చెప్పేది.

రాజమండ్రి విమానాశ్రయం దాటాక, పొగాకు కాల్చే బేరన్ల పక్కన ఒక మేడ మీద ఉండేది ఆ ఆఫీసు. దేశంలో ఎగిరే విమానాలన్నిటికీ వరుస కట్టేది అక్కడే. ఏ ఊళ్లో వాన ముదిరినా, ఏ రన్‌వే మూసినా, ఎవరు ముందు లేవాలి, ఎవరు ఆగాలి అన్నది ఆ గదిలోని మనుషులే తేల్చేవారు. వాళ్లందరికీ పెద్ద ఆశాజ్యోతి. విమానాలు నడిపించడం, దింపడం వేరేవాళ్ల పని. వీళ్లది వంతులు వెయ్యడం. కాలవ కింద పుట్టిన పిల్లకి దాన్ని ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేకపోయింది. ఎగువవాడు తాగాక దిగువవాడికి మిగలాలంటే తూము దగ్గర ఎవరో ఒకరు నిలబడాలి, అంతే.

ఆమె ఆ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచీ, ఆపిన విమానాలు ఆగిన సేపంతా నీళ్లయి, రామచంద్రపురం దిగువన వాళ్ల ఊరి పంట బోదెలో పడేది. ఎందుకు పడుతోందని ఎవరూ అడగలేదు. శివారుకి నీళ్లు రావడమే గొప్ప, ఎక్కణ్ణుంచి వచ్చాయని విచారించే తీరిక ఎవరికుంది? ఢిల్లీలో మంచు దిగితే దాళ్వా ఊడ్పులకి ఢోకా ఉండేది కాదు. బొంబాయిలో వాన పట్టుకుంటే సార్వా ఆకుమళ్లు తడిసేవి. కాలవ లస్కరు చిట్టియ్య బోదెలో చెయ్యి పెట్టి చూసి, "ఇయ్యి కలకత్తా నీళ్లండి, కాస్త మడ్డిగా ఉన్నాయి" అని చెప్పేవాడు.

"అమ్మాయ్, మంచేమన్నా ఉందా?" అని ఫోనొచ్చేది.

"లేదు బాబాయ్. ఇవాళ అంతా ఎండే."

"పోనీ ఒక్కదాన్ని ఆపకూడదా? మూల మడి ఆరిపోతంది."

"అలా ఆపకూడదు బాబాయ్. వంతంటే వంతే."

ఆ మాట మీద ఆమె ఏళ్ల తరబడి నిలబడింది. ఊరి కోసం ఏ విమానాన్నీ కావాలని ఆపలేదు. పక్క కుర్చీలో కూర్చునే శివరామకృష్ణ, మా మేడమ్ గారి దగ్గర దేవుడొచ్చినా లైన్లో నిలబడాలండి అని కొత్తవాళ్లకి చెప్పేవాడు.

ఆమె చిన్నప్పుడు బోదెలో విమానాల నీళ్లు లేవు. కాలవ నీళ్లే, అవీ ఎగువన పెద్ద ఆసామి దొరబాబు గారి తూము దాటి రావాలి. తండ్రి రాజరత్నం ఎకరం దాళ్వా పొట్ట మీద ఉన్న ఏడు, వంతు శివారుదే అయినా దొరబాబు గారు తూము దింపించి తాళం వేయించారు. రాజరత్నం రోజూ వెళ్లి ఆయన అరుగు కింద ఎండలో గొంతుక్కూర్చునేవాడు. అరుగెక్కనిచ్చే కులం కాదు కదా. దొరబాబు గారు భోంచేసి, ఓ కునుకు తీసి, లేచి పేపరు తిరగేసి, ఎప్పటికో తలెత్తి చూసేవారు.

"కూర్చోరా, కంగారేముంది? వంతొస్తుంది."

కసిరేవారు కాదు, తిట్టేవారు కాదు. మధ్యాహ్నం అన్నం క్యారేజీ పట్టుకెళ్లే ఆశాజ్యోతికి ఆ మెత్తటి గొంతే చెవిలో ఉండిపోయింది. తిట్టి ఉంటే ఎప్పుడో మర్చిపోయేదేమో. చేనంతా తాలు పోయింది. ఆఖరి రోజు రాజరత్నం ఇంటికొచ్చి, కుండలో నీళ్లు ముంచుకుని, తాగకుండానే గుమ్మంలో ఒరిగిపోయాడు. వడదెబ్బ అన్నారు. సమాధి దగ్గర పాస్టరు గారు మన అపరాధుల్ని మనం క్షమించాలని చెప్పారు. తల్లి పాపాయమ్మ ఆమెన్ అంది. ఆశాజ్యోతి అనలేదు. హాస్టల్లో చదువుకునేటప్పుడూ, పరీక్షలు రాసి ఈ ఉద్యోగంలోకి వచ్చాకా, ప్రతి ప్రార్థనలోనూ ఆ చోటికొచ్చేసరికి పెదాలు బిగించుకునేది.

ఎలక్షన్లు వచ్చాయి. నాయకులు అద్దెకి తెచ్చుకున్న చిన్న విమానాలతో ఆకాశం పుష్కరాల్లో కొవ్వూరు రేవులా కిక్కిరిసింది. నామినేషన్లకి ఆఖరి రోజు. మధ్యాహ్నం గణేష్‌బాబు అనే ఆయన ఫోను చేశాడు. దొరబాబు గారి మనిషిని అన్నాడు.

"మేడమ్ గారూ, మీరు మన జిల్లా వారేనంట కదండీ. మా దొరబాబు గారు హైదరాబాదులో పార్టీ బీ ఫారం తీసుకుని రాజమండ్రి విమానం ఎక్కారండి. తలుపులేసేశారు, ఎప్పుడు లేస్తుందో చెప్పట్లేదంట. మూడింటికల్లా రామచంద్రపురంలో ఇవ్వకపోతే ఆయన రాజకీయం ఇక అయిపోయినట్టేనండి. ఇరవై ఏళ్ల నుంచి ఈ టిక్కెట్టు కోసమే చూస్తున్నారు. కాస్త ముందుకు తొయ్యాలి."

ఆ విమానంలో ఉన్నది ఆయనేనని ఆమెకి అప్పటిదాకా తెలీదు. తెర మీద చూసింది. తొయ్యక్కర్లేదు. అది ముందే ఉంది, ఇప్పుడో ఇంకాసేపట్లోనో లేస్తుంది. ఆశాజ్యోతి ఊరికే చేతులు ముడుచుకుని కూర్చుంటే చాలు, ఆయన టైముకి దిగి, కారెక్కి, నామినేషను వేసేస్తారు.

చెయ్యి చాచి ఆ విమానాన్ని వరుస చివర పెట్టింది.

"మేడమ్, ఆ రాజమండ్రిది వెనక్కెళ్లిందండి" అన్నాడు శివరామకృష్ణ.

"చూశాను."

"కారణం ఏమని రాయమంటారు?"

"శివారు అని రాయండి."

అతను ఆమె ముఖంలోకి ఓసారి చూసి, రాశాడు. ఆశాజ్యోతి ఫోను మళ్లీ చెవికి ఆనించుకుంది.

"ఆయన్ని కూర్చోమనండి. కంగారేముంది? వంతొస్తుంది."

ఫోను పెట్టేసింది. చెరుకు ముక్క నమిలినట్టు నోరంతా తీపిగా ఉంది. ఆ విమానంలో చంటిపిల్లలూ పెళ్లివారూ కూడా ఉంటారన్న సంగతి ఆమెకి చాలాసేపటికి గాని తట్టలేదు. తట్టాక కూడా తీపి పోలేదు.

దొరబాబు గారు దిగేసరికి పొద్దు వాలింది, రామచంద్రపురంలో నామినేషన్ల ఆఫీసు తలుపులు మూసేశారు. ఆ సాయంత్రం బోదె గట్టు తన్నుకుని పారింది. చిట్టియ్య చెయ్యి పెట్టి చూసి, వాసన చూశాడు.

"హైదరాబాదు నీళ్లేనండి. కానీ మన దొరబాబు గారి అరుగు వాసనొస్తంది."

మామూలుగా విమానం దిగితే నీళ్లు ఆగేవి. ఇవి ఆగలేదు. వరుస చివర పెట్టిన మనిషిని ఆమె మళ్లీ తియ్యలేదు కదా. విమానం దిగినా ఆయన వంతు రాలేదు. నిడదవోలు వెళ్తే ఆయన కారు ముందే రైలు గేటు పడేది, ఒక గూడ్సు వెనక ఇంకో గూడ్సు వచ్చేది. డాక్టరు గారి దగ్గర తర్వాత వచ్చినవాళ్లు చూపించుకుని వెళ్లిపోయేవారు. పెళ్లి పంక్తిలో ఆయన విస్తరి దాకా వచ్చేసరికి అన్నం గిన్నె నిండుకునేది. ఆయన ఎక్కడ ఎదురుచూస్తున్నా ఆ సేపంతా శివారు బోదెలో గలగలా పారేది.

ఆఖరికి ఆయనే ఆశాజ్యోతి ఆఫీసుకొచ్చారు. బయట బల్ల మీద చాలాసేపు కూర్చున్నాక లోపలికి పిలిచింది.

"నేను మీకేం చేశానమ్మా?"

"మా నాన్న మీ అరుగు కింద కూర్చునేవాడండి. ఆయనెవరో మీరే గుర్తు తెచ్చుకుని చెప్పండి. చెప్పిన రోజు మీ వంతు మీకిచ్చేస్తాను."

దొరబాబు గారు ఆలోచించారు. నిజంగానే గుర్తు రాలేదు.

"చాలామంది కూర్చునేవారు కదమ్మా."

"నాకు ఒక్కరు చాలండి."

ఆయన ఊళ్లో వాకబు చేయించారు. అందరూ ఎంతో మర్యాదగా, మాకు తెలీదండీ అన్నారు. శివారు వాళ్లు బోదె గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసి, ఆలోచించుకోడానికి ఇక్కడైతే చల్లగాలండీ అన్నారు. ఎక్కడికెళ్లినా కూర్చోవడమే కాబట్టి ఆయన అక్కడే కూర్చోవడం మొదలుపెట్టారు. రోజుకో పేరు చెప్పేవారు. సత్తియ్యా? అంటే, కాదండి, ఆయన మా తాత అనేవాడు గట్టు చెక్కుతున్న కుర్రాడు. అబ్బులా? అంటే, ఆయన మా మావయ్యండి, మీ తాళం తర్వాతే ఊరొదిలిపోయాడు అనేది కలుపు తీస్తున్న మనిషి. చెప్పిన ప్రతి పేరుకీ చేలో ఎవరో ఒకరు నడుం ఎత్తి చూసేవారు. ఆయన తల వంచుకుని మళ్లీ ఆలోచనలో పడేవారు. నీళ్లు పారేవి.

మళ్లీ దాళ్వా పొట్ట మీదకొచ్చింది. ఎగువన కాలవకి నీళ్లు కట్టేశారు. ఓ ఆదివారం చర్చి అయ్యాక ఆశాజ్యోతి తల్లితో కలిసి చేను చూడ్డానికి వచ్చింది. పాపాయమ్మ ఆ ఏడు కౌలుకి పట్టింది రాజరత్నం చేసిన ఎకరమే. దొరబాబు గారు కుర్చీలో ఉన్నారు. పాపాయమ్మ ఆయనకి గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగబోయి ఆగారు.

"ఒక పిల్ల క్యారేజీ పట్టుకొచ్చేది" అన్నారు నెమ్మదిగా. "మూత తీస్తే గోంగూర వాసన అరుగు మీదకి వచ్చేది. అతను సగం తిని, సగం ఆ పిల్లకే పెట్టేవాడు. నేను పేపరు అడ్డం పెట్టుకుని చూసేవాణ్ణి. రాజరత్నం. వాడి పేరు రాజరత్నం కదమ్మా?"

పాపాయమ్మ మజ్జిగ చెంబుతో కూతురి వైపు చూసింది.

ఆశాజ్యోతి చేను వైపు చూసింది. ఆ ఎకరంలోనే పై మళ్లలో నీళ్లు ఎండకి తళతళలాడుతున్నాయి. మూల మడి ఇంకా నెర్రెలిచ్చే ఉంది. బోదె దానికి పది బారల దూరంలో పారుతోంది.

"కాదండి" అంది మెత్తగా. "ఇంకాస్త ఆలోచించండి. కంగారేముంది?"

దొరబాబు గారు తల ఊపి, మజ్జిగ తాగి, కళ్లు మూసుకున్నారు. పాపాయమ్మ ఆయన గ్లాసులో మళ్లీ మజ్జిగ పోస్తూ, గొంతులోనే ఆమెన్ అంది. నీళ్లు మూల మడి వైపు తిరిగాయి.