అర్జీ నంబరు ఒకటి

పదిన్నరకి ఆఫీసుకి వచ్చి, సైకిలు గోడకి ఆనించి, నగరేశ్వరరావు చేసే మొదటి పని వసారాలో నీడలు లెక్కపెట్టడం. తర్వాత ఏ నీడనీ తొక్కకుండా ఓరగా నడిచి లోపలికి పోయేవాడు. కూలి జనం మరి! పనికెళ్ళకపోతే పొయ్యి వెలగదు, వరసలో లేకపోతే వంతు రాదు. అందుకని తెల్లారగట్లే వచ్చి, తమ నీడని వరసలో పరిచి, పొలానికి పోయేవారు. సాయంత్రం వచ్చి దులుపుకుని తీసుకుపోయేవారు. ఆసుపత్రి దగ్గరా అంతే, చౌకడిపో దగ్గరా అంతే. ఇందులో వింతేముంది?

వింతంటే నగరేశ్వరరావు పనిచేసే సెక్షనుదే. ప్రపంచమంతటికీ ఇది మానవ హక్కుల సంవత్సరమని అరవై ఎనిమిదిలో పైనుంచి కాగితం వస్తే, పంచాయతీ సమితి ప్రెసిడెంటు నరసింగరావు మీటింగు పెట్టి, దండ వేయించుకుని, మానవ హక్కులకి ప్రత్యేకంగా ఒక సెక్షను తీర్మానించేశాడు. విత్తనాల బస్తాలు తీయించిన గది, ఒక బల్ల, రెండు కుర్చీలు, 'అందినది' అని ఊదారంగు ముద్ర. అందులోకి ఏ గుమస్తా కూడా రానంటే, నోట్లో నాలుక లేని నగరేశ్వరరావుని తోశారు. గజపతినగరంలో తండ్రి కొట్లో బేరాలకి జడిసి ఉద్యోగంలో చేరిన మనిషి ఇక్కడ మాత్రం ఎవరికి ఎదురు చెప్తాడు!

ఆరు నెలల్లో ఆరు రిపోర్టులు పంపాడు. అన్నిట్లోనూ 'అర్జీలు లేవు' అనే రాశాడు. అబద్ధమని అనలేం. ఆఫీసు ఐదింటికి మూస్తారు, జనం పొలం నుంచి ఐదున్నరకి వస్తారు. తాళం చూసి, నీడ తీసుకుని పోతారు. నీడని అర్జీ కింద తీసుకోవచ్చని రూల్సులో లేదు. పాపం, వెతికాడు కూడా.

ఉగాది వెళ్ళిన తర్వాతి వారం, గురువారం నాడు లెక్కపెడితే ఏడు నీడలు. ఏడోది సోములుది. కావడి మోసి మోసి ఎడమ భుజం దిగిపోయిన నీడ, ఎక్కడున్నా పోల్చుకోవచ్చు. మంగళవారం పరిచింది అలాగే ఉంది. అంచులు పలచబడి, కింద గచ్చు కనిపిస్తోంది. విడిచిన నీడ మూడో పొద్దు గుంకేదాకానే ఉంటుంది, అది పోతే మనిషీ దక్కడు. చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే.

నీడ పక్కనే సోములు పెళ్ళాం అసిరమ్మ కూర్చుని ఉంది.

"నీడిక్కడున్నాది. మడిసేడి బాబూ?"

"ఇంటికి రాలేదా?"

"మంగళారం నుండి నేదు. పోతురాజు బాబు కాడ కంబారి గదా, ఏడాది జీతానికి పాలేరు. ఉగాదితో కుదురు తీరిపోనాది, ఈయేడు ఇంకోరి కాడికెల్తానన్నాడు. 'నానొదిల్తే గదరా ఎల్లీది' అని గాదెలగదిలో ఏసి తాలమేసీసినాడంట. అడగబోతే, ఇక్కడ లేడు పొమ్మన్నాడు."

పోతురాజు ప్రెసిడెంటుగారి బావమరిది. నగరేశ్వరరావు వీధి వైపు తొంగి చూశాడు.

అంతలో జీపు ఆగింది. నరసింగరావు చెప్పులతో వచ్చి సరిగ్గా సోములు నీడ మీదే నిలబడ్డాడు. అసిరమ్మ కెవ్వుమంది.

"ఏటోయ్, నెలాకరు రిపోర్టు రాసీసినావా? అర్జీలు లేవని రాసీ. ఎల్లుండి మీటింగులో ఈ సెక్షను ఎత్తేస్తన్నాం. అర్జీలే లేని కాడ గుమస్తా ఎందుకు?"

అని, తన మాట తాను చెప్పేసి వెళ్ళిపోయాడు. నీడ గుండె దగ్గర చెప్పుల అచ్చులు మిగిలాయి.

లేవు! ఆ ముక్క ఆరుసార్లు రాసిన చెయ్యి తనదే. నగరేశ్వరరావుకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. భయం లేదా అంటే, ఎందుకు లేదు? అయినా ముద్ర తీసుకుని వసారాలో మోకరిల్లి, నీడ గుండె మీద గట్టిగా అదిమాడు. 'అందినది.' రిజిస్టరు తెరిచి రాశాడు: అర్జీ నంబరు ఒకటి, సోములు.

పని అయిన నీడ తన మనిషిని వెతుక్కుంటుంది. అది గోడ పట్టుకుని లేచి బజారులోకి నడిచింది. వెనక అసిరమ్మ, ఆ వెనక రిజిస్టరు చంకలో పెట్టుకుని నగరేశ్వరరావు. నీడ పోతురాజు కళ్ళం దాటి, గాదెలగది తలుపు కింద నుంచి లోపలికి దూరిపోయింది.

"ఎవులు కావాల?" పోతురాజు అడ్డొచ్చాడు.

"సోములు," అంది అసిరమ్మ.

"లేడని సెప్పినాను గదా!"

నగరేశ్వరరావు రిజిస్టరు తెరిచాడు. "అయ్యా, ఆఫీసులో అందిన అర్జీ ఈ గదిలోకి వెళ్ళింది. ముద్ర పడ్డాక అది సర్కారుది. సర్కారు సొత్తుని తాళం వేసి దాస్తే, దాచినవారి పేరు రిజిస్టరుకి ఎక్కించాలి. మీ ఇంటిపేరు చెప్పండి."

పెన్ను మూయలేదు. ఆ రూలూ ఎక్కడా లేదు, అప్పటికప్పుడు పుట్టింది. కళ్ళంలో కూలీలు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఆరుగురు. మండుటెండలో ఒక్కరికీ నీడ లేదు, అవన్నీ వసారాలో ముద్ర కోసం కాచుకుని ఉన్నాయి. పోతురాజు వాళ్ళ కాళ్ళ కిందకి చూశాడు, తెరిచిన రిజిస్టరు వంక చూశాడు. మొలలోంచి తాళంచెవి తీసి నేలకేసి కొట్టాడు.

లోపల సోములు గాదెకి జారగిలబడి ఉన్నాడు. పెదాలు పగిలిపోయాయి, కానీ ఊపిరుంది. నీడ కాళ్ళ దగ్గర అతుక్కుని ఉంది. గుండె మీద ఊదారంగులో 'అందినది.' అసిరమ్మ ఏడుస్తూ కొంగుతో తుడిచింది. పోలేదు.

"ఇది సెరగదేటి బాబూ?"

"చెరగదమ్మా."

సోములుని ఆసుపత్రిలో దింపి ఆఫీసుకి వచ్చేసరికి ఐదున్నర దాటింది. వసారాలో ఆరుగురూ తమ నీడలు తియ్యకుండా నిలబడి ఉన్నారు. నగరేశ్వరరావు గది తాళం తీసి, లాంతరు వెలిగించి, రిజిస్టరులో రెండో నంబరు వేశాడు.

"కూర్చోండి. మొదట ఎవరు చెప్తారు?"

వాళ్ళలో గున్నమ్మ అనే ముసలామె లోపలికొచ్చి, ఎదురుగా ఉన్న కుర్చీ మీద ఆరు నెలల దుమ్ము కొంగుతో దులిపి, కూర్చుంది.