తెప్ప మీద వచ్చిన గేదె

మా పంటకాలువలో గుర్రపుడెక్క ఎంత మందంగా అల్లుకుందంటే, నిరుడు ఓ కోడి దాని మీదే పొదిగి పిల్లల్ని లేపింది. నమ్మకపోతే మానెయ్యండి. నమ్మాల్సింది వేరే ఉంది. ఆ డెక్క తూముకు అడ్డంపడి, కాలువ చివరనున్న మా వీరాయమ్మత్త నారుమడికి నీళ్లు అందడం లేదు. నారు పసుపురంగుకు తిరిగింది. ఇలాగే ఎండితే ఈ సార్వాకు ఆవిడకు పంట లేనట్టే.

అత్తా నేనూ నడుంలోతు నీళ్లలో దిగి, పొద్దున్నుంచీ డెక్క లాగి గట్టున పడేశాం. మధ్యాహ్నానికి నీళ్లు కనిపించాయి. అందులో మొహం చూసుకుని నేను మీసం దువ్వుకునేలోగా, పైనుంచి తెప్పలా అల్లుకున్న డెక్క మరొకటి వచ్చి కమ్మేసింది.

"పైవూరోళ్లు గెడలెట్టి కిందకి తోసేత్తన్నార్రా కొండబాబూ!" అంది అత్త.

"మనవూ కిందకి తోసేద్దాం అత్తా."

"మన కిందేవుందిరా, నా మడి తప్ప?"

మళ్లీ లాగాం. మళ్లీ వచ్చింది. గట్టు మీద పోగు కొబ్బరిచెట్టంత అయింది. దింపు తీసేవాడు దాని మీద నిలబడే కాయలు కోసుకుపోయాడు. మడికి మాత్రం చుక్క చేరలేదు. అత్త గట్టున కూలబడి, ఏడవలేక తిట్టింది.

అప్పుడొచ్చింది అన్నిటికంటే పెద్ద తెప్ప. దాని మీద ఓ పాడిగేదె నెమరేస్తూ నిలబడి ఉంది. అత్త పలుపు అందుకుని, దాన్ని గట్టెక్కించి చెట్టుకు కట్టేసింది.

కాసేపటికి పైఊరి ఆసామి సూర్యప్రకాశరావుగారు బండి మీద వచ్చి దిగారు.

"గేదె మాదేనండి, ఆయ్."

"అది ఎక్కొచ్చిన డెక్క ఎవరిదండీ?" అంది అత్త.

"అదీ... మాకూ పైనుంచే వచ్చిందండి. మా కుర్రోళ్లు కిందకి తోసేరండి."

"అయితే రెండూ అట్టుకెళ్లండి."

"రేపు మనుషుల్ని పంపిత్తానండి. ముందు గేదెనిప్పండి, పాలేళయింది."

"పాలకేవుందండీ, మేం పితుక్కుంటాం," అంది అత్త చెంబు తోముతూ.

ఆయన మొహం మాడిపోయింది. ఫోన్ చేసి తన ఊళ్లోవాళ్లను పిలిచి, ఇస్త్రీ పంచె ఎగ్గట్టి తానూ కాలువలో దిగారు. పొద్దువాలేసరికి నీళ్లు తూములోంచి బుడబుడమంటూ మడిలోకి పారాయి.

గేదెను తోలుకెళ్తుంటే అత్త అడిగింది.

"ఏవండీ, మీ ఊళ్లో ఇంకా గేదెలున్నాయాండీ?"

"ఎందుకండీ?"

అత్త ఎగువకు చెయ్యి చూపించింది. వంతెన కిందనుంచి ఇంకో తెప్ప వస్తోంది. ఈసారి దాని మీద ఎవరి గేదే లేదు.