కరెంటమ్మ పన్నెండు వోల్టులు

రోజూ పొద్దున్నే ఏడింటికి కరెంటమ్మ ఆసుపత్రి వెనకున్న షెడ్డు తలుపులు తీసి, వరసగా నిలబడ్డ పది బండ్ల సీట్లెత్తి, ఒక్కో బ్యాటరీ మీద అరచెయ్యి ఆనించి చూసేది. ఒకప్పుడు గోల్ఫ్ మైదానంలో తిరిగిన బండ్లవి. ఇప్పుడు గేటు దగ్గర రోగుల్ని ఎక్కించుకుని గుట్ట మీది వార్డులకు చేరుస్తున్నాయి. ఇది ఆరు, ఇది అయిదున్నర, దీనికి నీళ్ళు పొయ్యాలి అని ఆవిడ చెబుతుంటే కూతురు రాసుకునేది. కరెంటమ్మ ఒంట్లో పుట్టుకతోనే పన్నెండు వోల్టులున్నాయి. అందుకే ఆ షెడ్డుకు వోల్టులు కొలిచే మీటరు కొనలేదు. ఇంట్లో అయితే చిన్న బల్బు పంటికింద పట్టుకుని, ఆ వెలుగులో సూదిలో దారం ఎక్కించుకునేది.

కూతురికి ఒక్క వోల్టూ రాలేదు. తండ్రి పోలికని సరిపెట్టుకున్నారు. చేతిలో కరెంటు లేని పిల్ల కొలతల టేపు పట్టుకుంది. చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి ఎంత దూరం పోతుందో నోటిలెక్కన చెప్పేది. వోల్టులు అమ్మవి, టైర్లు నావి అని చిన్నప్పుడే పంచేసుకుంది. పొరపాటంతా అక్కడే జరిగింది.

కరెంటమ్మ రిటైరయ్యే వారంలో సూపరింటెండెంటు గారు షెడ్డుకొచ్చారు. బండ్లు నత్తనడక నడుస్తున్నాయట, బయటి కంపెనీ వ్యాన్లు పెట్టమని పైవాళ్ళు పోరుతున్నారట. శుక్రవారం నాటికి ఒక్క బండయినా నిండా మనుషులతో గంటకు పాతిక కిలోమీటర్లు పోయి, ఆగకుండా గుట్టెక్కితే షెడ్డు ఉంటుంది, తల్లి ఉద్యోగం కూతురిదవుతుంది. లేకపోతే షెడ్డుకి తాళమే.

ఇరవై ఎలాగూ పోతోంది, ఇంకో అయిదెంతసేపని కూతురు పద్దెనిమిది అంగుళాల టైర్లు పీకేసి ఇరవై మూడువి బిగించింది. గురువారం అమ్మనీ, ఇద్దరు వార్డుబాయ్‌లనీ ఎక్కించుకుని బయల్దేరింది. చదునులో పాతిక అందుకుంది. ఆ పిల్ల మొహం చూసి తీరాలి! గుట్ట మొదలయ్యాక బండి మూలిగింది, సగంలో చతికిలబడింది. తల్లి చప్పుడు చెయ్యకుండా సీటు కిందికి చెయ్యి పోనిచ్చింది. తన పన్నెండూ కలిస్తే ఎక్కెయ్యదూ!

"చెయ్యి తియ్యమ్మా," అంది కూతురు వెనక్కి తిరక్కుండానే. "రేపు నువ్వు ఎక్కిస్తావు. ఎల్లుండి ఎవరెక్కిస్తారు?"

కరెంటమ్మ చెయ్యి తీసేసింది. కోపం రాలేదు, గర్వమేసింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగేంత గర్వం.

షెడ్డుకొచ్చి, నేలమీద కూలబడి, కూతురు తనని తాను తిట్టుకుంటూ లెక్క మళ్ళీ వేసింది. టైరు పెద్దదైతే ఒక్క చుట్టుకి దూరం పెరిగేమాట నిజమే, కానీ ఆ చుట్టు తిప్పడానికి మోటారు ఎక్కువ బలం పెట్టాలి, ఎత్తులో ఆ బలం చాలదు. పాత టైర్లే ఉంచి, బండిలోని ఆరు బ్యాటరీల ముప్ఫయ్యారు వోల్టుల్ని నలభై ఎనిమిది చేస్తే మోటారే జోరుగా తిరుగుతుంది. ఇరవై కాస్తా ఇరవయ్యారవుతుంది. మోటారూ, దానికి కరెంటు వదిలే కంట్రోలరూ తట్టుకుంటాయి. కావలసిందల్లా ఇంకో రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు. వేరే బండివి పీకితే ఆ బండి ఆగిపోతుంది; షెడ్డులో విడిగా ఉన్నవి మాత్రం ఏళ్ళ కిందటే చచ్చి మూలపడ్డ రెండు.

కరెంటమ్మ వాటి దుమ్ము తుడిచి, ఒళ్ళో పెట్టుకుని, ఒక్కోదాని మీద ఒక్కో చెయ్యి వేసుకు కూర్చుంది. సాయంత్రం దాకా తియ్యలేదు. టీ కూడా కూతురే తాగించింది. చివరికి వైర్లు తగిలిస్తే రెండూ బల్బుని భగ్గున వెలిగించాయి. కరెంటమ్మ వేళ్ళ మధ్య మాత్రం బల్బు వెలగలేదు. ఆవిడ దాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేసింది. "పోనీలే," అంది, "ఇన్నాళ్ళూ ఊరికే మోశాను."

శుక్రవారం సూపరింటెండెంటు గారు ముందు సీట్లో, బండి నడిపే కూతురి పక్కన కూర్చున్నారు, కరెంటమ్మ వెనక, ఇద్దరు వార్డుబాయ్‌లతో, చేతులు ఒళ్ళో పెట్టుకుని. బండి చదునులో ఇరవయ్యారు పోయింది. గుట్ట మీద ఎక్కడా ఆగలేదు, మూలగలేదు. పైన వార్డు మెట్ల ముందు దిగి, ఆయన అలవాటుకొద్దీ వెనక సీటు వైపు తిరిగి, ఏం చేశారమ్మా దీనికి అని అడిగారు.

"నన్నడుగుతారేంటి సార్?" అంది కరెంటమ్మ. "మెకానిక్కు ముందర కూర్చుంది. ఆవిణ్ణడగండి."