మెహ్రీన్ గీసిన తొడుగు

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైన మూడో రోజున, కోరుట్లలోని మా దీక్షా శిబిరానికి మెహ్రీన్ తన రికార్డు పుస్తకంతో వచ్చింది. ఆమె డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని. నేను ఆమెకు వృక్షశాస్త్రం బోధించే రత్నమాలను, ఆ ఏడాదే పదవీ విరమణ చేయవలసినదాన్ని.

సమ్మెకు ముందే ఆమె పుస్తకంలోని ఒక బొమ్మను నేను ఎర్రసిరాతో అడ్డంగా కొట్టివేసి, పక్కన 'ఇది కల్పన' అని రాశాను. నా సంతకం లేకపోతే ఆమెను ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు.

అది ఏకకణ శైవలం, అంటే ఒంటికణపు నాచు బొమ్మ. ఆ కణం చుట్టూ పారదర్శకమైన జిగురు తొడుగు ఉంటుంది. పాఠ్యపుస్తకంలో అది దారమంత సన్నగా ఉంటుంది. మెహ్రీన్ దాన్ని మూడు వలయాలుగా, కణం కన్నా వెడల్పుగా గీసింది.

"కండ్లతోని చూసిందే గీసిన మేడం."

"పుస్తకంల గట్ల లేదు."

"పుస్తకం సిరిసిల్ల నీళ్లు చూసిందా మేడం?"

శిబిరమంతా నవ్వింది. మా అటెండర్ బక్కయ్య చప్పట్లు కొట్టాడు.

ఆమె తండ్రి హబీబ్ సిరిసిల్లలో నూలుకు రంగులద్దే పనివాడు. రంగు పట్టడానికి బస్తాలకొద్దీ ఉప్పు వేస్తారు. మిగిలిన నీరు షెడ్డు వెనుక గుంటలో చేరుతుంది. మెహ్రీన్ తెచ్చిన నీరు ఆ గుంటలోనిదే.

"న్యాయం కావాలని ఈడ కూసున్నరు గదా మేడం," అంది నెమ్మదిగా. "మరి నాది?"

నాకు కోపం వచ్చింది. జగిత్యాల కాన్వెంటులో సిస్టర్ ఆగ్నెస్ నాకు నేర్పిన మొదటి పాఠం, గుర్తున్నది కాదు, కటకం కింద ఉన్నది గీయాలని. ముప్పై ఏళ్లు అదే పాఠం చెప్పిన నేను, ఆమె నీటిని ఒక్కసారైనా చూడకుండానే బొమ్మ కొట్టివేశాను. కోపం రావలసింది నా మీదేనని అప్పుడు తెలిసింది.

"పది రోజులు ఆగు. పరీక్ష చేసి చూద్దాం," అన్నాను.

కోరుట్లలో ఆమె నానమ్మ హమీదాబీ ఇంటి తొట్టిలోని, అదే నాచు పట్టి పచ్చబడ్డ మంచినీటిని నాలుగు సీసాల్లో పోశాం. మొదటిదానిలో ఉప్పు లేదు. మిగతావాటిలో వరుసగా ఒకటి, రెండు, మూడు చెంచాలు. వాటిని శిబిరం బల్ల మీద వెలుతురులో ఉంచాం. "ముట్టుకోకుండ్రి, గివి నిమ్మసోడాలు కావు," అంటూ బక్కయ్య పది రోజులూ కాపలా కాశాడు.

కళాశాలకు తాళం, ఊళ్లో కరెంటు కోత. కానీ నా సొంత సూక్ష్మదర్శినికి అద్దం మీద పగటి వెలుతురు పడితే చాలు. పదో రోజు మధ్యాహ్నం దాన్ని శిబిరంలోనే పెట్టాను.

మొదటి సీసాలో తొడుగు పుస్తకంలో ఉన్నంత సన్నగానే ఉంది. రెండోదానిలో కొంత మందమైంది. నాలుగోదానిలో ఉప్పు మితిమీరి కణాలు ముడుచుకుపోయాయి. మూడోదాన్ని నేను రెండుసార్లు చూశాను. ఉప్పు లోపలి నీటిని లాగేస్తుంటే, ఆ చిన్న ప్రాణి పొర మీద పొర చుట్టుకొని నిలబడింది. మూడు వలయాలు. మెహ్రీన్ బొమ్మ ఉన్నదున్నట్టు నా కంటి ముందు ఉంది.

బక్కయ్య కూడా వంగి చూశాడు. "వారెవ్వా! ఉప్పుకు ఓర్వక మూడు దుప్పట్లు కప్పుకున్నదే!"

నేను శిబిరంలోని బ్యాటరీ మైకు తీసుకున్నాను. నినాదాలు ఆగాయి.

"ఈ బిడ్డ కండ్లతోని చూసింది. నేను చూడకుంటనే కొట్టేసిన. తప్పు నాది."

బొమ్మ కింద సంతకం చేసి, ఎర్రగీత పక్కన నా పేరు పూర్తిగా రాశాను. మెహ్రీన్ పుస్తకం అందుకొని అడిగింది: "మరి గీ ఎర్రగీత మేడం? చెరిపేద్దామా?"

"ఉండనీ. దాని పక్కన నా పేరు పూర్తిగ రాసిన. ఎవరు తప్పు చేసిండ్రో చదివేటోళ్లకు తెలవాలె."

"మేడంకు పదికి తొమ్మిది మార్కులు," అన్నాడు బక్కయ్య.

"ఆ ఒక్కటి ఎందుకు కోసినవ్?"

"పది రోజులు లేటైంది గదా!"

మెహ్రీన్ నా కలమే అడిగి తీసుకుంది. పాఠ్యపుస్తకంలోని శీర్షికను పక్కనపెట్టి, బొమ్మ కింద నిటారైన అక్షరాలతో రాసింది: 'సిరిసిల్ల అద్దకపు గుంట నీటిలో. స్వయంగా చూసినది.'