డబ్బాలోకి ఎక్కని పాట

ఎస్తేరమ్మ నడుము సంచిలోంచి ఒక మగపువ్వు తీసి, రేకులు వెనక్కి మడిచి, పత్తిచెట్టు మీదికి వంగింది. నిన్న సాయంత్రం గిల్లిన మొగ్గకు తొడిగిన ఎర్ర గొట్టం లాగేసి, లోపలి లేత కాడ చుట్టూ పువ్వును తిప్పి మెల్లగా రుద్దింది. తర్వాత పక్క మొగ్గ, ఆ తర్వాత పక్క చెట్టు. పుప్పొడికి ఆమె బొటనవేలు పచ్చబారి ఉంది. సీజన్ అయ్యేదాకా ఆ మరక ఎంత తోమినా పోదు.

విత్తన పత్తిలో క్రాసింగ్ పని అంటే ఇదే. సాయంత్రం మొగ్గలోని సొంత పుప్పొడి పోయేట్టు గిల్లాలి, మర్నాడు ఎండ ముదరకముందే వేరే రకం పువ్వు రుద్దాలి. ఆ పూట దాటిందా, మొగ్గ రాలిపోతుంది. పెళ్ళయినా చావయినా పువ్వు ఆగదని ఇటిక్యాల చుట్టుపక్కల కూలికి పోయే ఆడవాళ్ళందరికీ తెలుసు.

ఎస్తేరమ్మ కొంగుకు కట్టి పాటల డబ్బా వేలాడుతోంది. అరచేతిలో పట్టేంత డబ్బా, దానికి చెరుకు మిల్లంత గొంతు. మెడలో తాడుకున్న ఫోనులో పాట పెడితే డబ్బాలో మోగుతుంది. ఫోను వస్తే అదీ డబ్బాలోనే మోగుతుంది. అందుకే ఆమె ఇంటి సంగతులన్నీ చేనంతా ఎరుకే.

పాటంటే చెవి కోసుకునే మనిషి. తన పెళ్ళిలో గద్వాల బ్యాండువాళ్ళు వస్తే, బుగ్గలుబ్బించి క్లారినెట్ ఊదేవాణ్ణి చూస్తూ పెళ్ళికొడుకు పక్కనుంచి రెండడుగులు వెనకబడింది. ఇంట్లో అత్తగారు ఈనాటికీ ఆ మాట ఎత్తి దెప్పుతుంది. దేనికి ఏ పాటో ఎస్తేరమ్మకు ఒక లెక్క ఉంది. పొద్దున మంచులో దేవుని పాట, ఎండ ఎక్కుతుంటే సినిమా పాట, ఒళ్ళు వాలే వేళకు డప్పు పాట. డప్పు దెబ్బ పడితే చచ్చిన చేతులకైనా ఊపిరి వస్తుందంటుంది. డబ్బా కొన్న రోజున ముద్ద కూడా సరిగా తినలేదు.

డబ్బా రాకముందు ఆ చేలో పాట జములమ్మది.

జములమ్మ పెద్దది, వాడలో అందరికీ అత్త. నల్లటి మనిషి, పొట్టి చేతులు, బీడీ పొగకు గీరుకుపోయిన గొంతు. కానీ ఆ గొంతు ఎత్తితే సాలు సాలంతా ఒక్క తీరుగా కదిలేది. పొద్దు వాలేటప్పుడు ఒక పాట పాడేది. "పొద్దు వంగె ఓ చెల్లెలా, ఒడి నిండెనా ఓ చెల్లెలా" అని మొదలై మూడు చరణాలు. అదే పాట వాడలో ఎవరు పోయినా శవాన్ని లేపేముందు కూడా పాడేది. గుడికి పోయేవాళ్ళా, చర్చికి పోయేవాళ్ళా అని చూసేది కాదు. ఆమె మూడో చరణం ముగించేదాకా మోసేవాళ్ళు వంగేవాళ్ళు కాదు.

సీజన్ మొదట్లో ఒకనాడు, అన్నాల వేళ, జములమ్మ డబ్బాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎస్తేరూ, నా పాట గూడ దీంట్ల ఎక్కుతదా?"

నిజంగానే అడిగింది. చిన్నపిల్లకున్నంత ఆశ ఉంది ఆ ముఖంలో. ఎస్తేరమ్మ చూసింది కూడా. అయినా అందరి ముందూ నోరు ఊరుకోలేదు.

"నీ పాటనా అత్తా! నీ గొంతుకు డబ్బా పల్గుతది."

ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. జములమ్మ కూడా నవ్వి, డబ్బాను కొంగుతో తుడిచి ఇచ్చేసింది. ఆ సాయంత్రం నుంచి చేలో పాడలేదు. అలగలేదు, మాట మానలేదు, తంబాకు అడిగితే ఇచ్చింది. పాట మాత్రం ఎత్తలేదు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా? మరునాడే ఫోను పట్టుకుపోయి, "అత్తా, పాడు, ఎక్కిస్త" అంటే తీరిపోయేది. రేపు, రేపు అనుకుంది. ఇంతలో జములమ్మకు జ్వరం పట్టుకుంది. గద్వాల దవాఖానకు తీసుకుపోయి తెచ్చారు. మంచం దిగలేదు.

సగం సాలు అయ్యేసరికి పాట ఆగి డబ్బా మోగింది. ఎస్తేరమ్మ చేతినిండా పుప్పొడి. మణికట్టుతో ఫోను నొక్కింది. జములమ్మ కోడలు పావని గొంతు చేనంతా వినిపించింది.

"ఎస్తేరక్కా, అత్త నిన్ను రమ్మంటుంది. పాట చెప్తదంట. డబ్బాల ఎక్కిచ్చుకోమంటుంది. జర వస్తవా?"

గట్టు మీద నిలబడ్డ చేను ఆసామి గోవిందు కూడా విన్నాడు.

"పోరాదూ అమ్మా. నీ సాలు వీళ్ళు పట్టుకుంటరు. ముసలామె నోరు తెరిచి అడుగుతుంది."

అతను అడ్డం చెప్పి ఉంటే ఎంత బాగుండేదో! అతని మీదికి నెట్టేసి ఊరుకునేది. ఎవరూ అడ్డం చెప్పలేదు. అడ్డమల్లా తన ముఖమే. ఏ ముఖం పెట్టుకుని ఆ మంచం పక్కన కూర్చుంటుంది? అంత మాటన్న తనను, మంచాన పడి కూడా పిలిచి పాట ఇస్తానంటోంది ఆ మనిషి. జములమ్మ కోపంగా ఉంటే పోవడం తేలికయ్యేది.

"ఈ సాలు అయినంక వస్త అని చెప్పు పావనీ. పువ్వు ఆగదు గదా" అంది.

ఫోను పెట్టేయగానే డబ్బా ఆగిన చోటి నుంచి పాట అందుకుంది. ఎస్తేరమ్మ వంగింది. ఆ సాలులో ప్రతి మొగ్గకూ రెండేసిసార్లు రుద్దింది. అంత నెమ్మదిగా ఆమె ఎన్నడూ చేయలేదు. పక్కసాలులో ఉన్న రుక్కమ్మ ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ వంగింది.

సాలు చివర ఇంకా నాలుగైదు చెట్లుండగా డబ్బా మళ్ళీ మోగింది. ఈసారి పావని గొంతు మామూలుగానే ఉంది.

"ఇగ వద్దులే అక్కా. ఉరకకు. అత్త పాయె."

ఫోను కట్ అయింది. డబ్బాకు ఏం తెలుసు? పాట అందుకుంది. ఉషారు పాట. ఎస్తేరమ్మ పచ్చని వేళ్ళతో మీట కోసం తడిమింది గానీ దొరకలేదు. రుక్కమ్మ వచ్చి ఆపింది. మిగిలిన చెట్లకు ఎవరూ పువ్వు రుద్దలేదు.

*

సాయంత్రం వాడ అంతా జములమ్మ వాకిట్లో ఉంది. పాడె కట్టారు, నీళ్ళు పోశారు, కొత్త చీర కప్పారు. జములమ్మ కొడుకు సాయన్న, ఇంకో ముగ్గురూ పాడె పక్కకు వచ్చి నిలబడ్డారు. అంతా తయారు. అయినా ఎవరూ వంగలేదు. పాట కావాలి. పాడే మనిషి పాడె మీద ఉంది.

"ఎస్తేరూ, నీ డబ్బాల మంచి పాట పెట్టరాదూ" అంది వెనకనుంచి ఎవరో.

"వొద్దు."

ఎస్తేరమ్మ కొంగుముడి విప్పి డబ్బాను అరుగు మీద పెట్టింది. పాడె కాళ్ళ దగ్గర నిలబడి గొంతు ఎత్తింది. "పొద్దు వంగె ఓ చెల్లెలా." మొదటి చరణం వణుకుతూ వచ్చింది. రెండోదానికి రుక్కమ్మ, ఇంకా నలుగురూ గొంతు కలిపారు. వాకిలి ఒక తీరుకు వచ్చింది. జములమ్మ ఉన్నప్పటిలాగే అనిపించింది ఒక నిమిషం.

రెండో చరణం అయిపోయింది.

మూడోది రాలేదు. చేలో జములమ్మ ఆ చరణానికి వచ్చేసరికి వీళ్ళంతా కొంగులు దులుపుకుని, టిఫిన్లు సర్దుకుని, ఆటో కోసం ఉరికేవాళ్ళు. చావు ఇళ్ళలో ఆ చరణం వేళకు ఏడుపులు పెరిగేవి. ఏళ్ళ తరబడి విన్న పాట. ఎస్తేరమ్మ రుక్కమ్మ వైపు చూసింది. రుక్కమ్మ తల అడ్డంగా ఊపింది. మోసేవాళ్ళు నలుగురూ వంగకుండా ఎస్తేరమ్మ నోటి వైపే చూస్తున్నారు.

"అయిపాయెనా ఎస్తేరక్కా?" అని మెల్లగా అడిగాడు సాయన్న.

"లేదు. ఇంకొకటి ఉన్నది" అంది. "నాకు రాదు సాయన్నా. చెప్తనని పిలిచింది. నేనే పోలే."

పావని ఆమె చెయ్యి పట్టుకుంది. ఒక్క మాట తిట్టి ఉంటే ఎస్తేరమ్మ బోరున ఏడ్చి ఉండేది. సాయన్న వంగాడు. మిగతా ముగ్గురూ వంగారు. వాడలో మొదటిసారి పాట సగంలో ఉండగానే పాడె లేచింది. డప్పుల వెనక జనమంతా వాగు వైపు కదిలిపోయారు.

వాకిట్లో నీళ్ళు ఇంకిపోయాయి. అరుగు మీద డబ్బా ఉంది, ఒంటినిండా పచ్చటి వేలిముద్రలతో, నీలం లైటు ఆరుతూ వెలుగుతూ.